వాయిస్ మార్చడం వస్తోంది, మాట్లాడేటప్పుడు మాత్రం రావట్లేదు. ప్యాసివ్ మీరంతా ఎలా చెప్తున్నారు?

గోదావరిగట్టు:

నమస్తే అండి అందరికీ. రాజమండ్రిలో సాయంత్రం పూట స్పోకెన్ ఇంగ్లీష్ చెప్తుంటాను. ఇప్పుడున్నది ఇంటర్మీడియట్ లెవెల్ బ్యాచ్, ఇంటర్ చదివే పిల్లలు అనుకునేరు, కాదు, డిగ్రీ అయిపోయి ఉద్యోగాలు వెతుక్కుంటున్నవాళ్ళు, పెళ్ళయ్యాక మళ్ళీ ఇంగ్లీష్ పట్టుకుందామని వచ్చిన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు, ఒక మెడికల్ రెప్. టెన్సులు బాగానే వచ్చు, నోరు తెరవడానికి భయం కూడా పెద్దగా లేదు.

గొడవంతా ప్యాసివ్ వాయిస్ దగ్గరే. బోర్డు మీద 'రామా రోట్ ఎ లెటర్' అని రాస్తే చాలు, నేను చాక్‌పీస్ కింద పెట్టేలోపు 'ఎ లెటర్ వాజ్ రిటెన్ బై రామా' అని కోరస్‌గా చెప్పేస్తారు, టెన్త్‌లో అంత రుద్దించారు మరి. అదే మీ వీధి గురించి రెండు ముక్కలు చెప్పండి అంటే 'ఇన్ మై స్ట్రీట్ న్యూ రోడ్ లెయిడ్' అంటారు, లేదంటే 'సమ్ పీపుల్ పుట్ ద రోడ్'. ఉద్యోగం వచ్చినతను 'ఐ సెలెక్టెడ్ ఇన్ ఇంటర్వ్యూ మేడం' అంటూ స్వీట్లు పంచాడు. ప్యాసివ్ మీద కాస్త గట్టిగా కూర్చున్నాక ఇంకో జబ్బు మొదలైంది, 'యాక్సిడెంట్ వాజ్ హాపెన్డ్', 'హిజ్ గ్రాండ్‌ఫాదర్ వాజ్ డైడ్'. పైగా ఎక్కడ ప్యాసివ్ వాడినా చివర 'బై సమ్‌బడీ' తగిలించకపోతే వాక్యం పూర్తి కానట్టు ఫీలవుతున్నారు, 'మై బైక్ వాజ్ స్టోలెన్ బై సమ్‌బడీ' అంట.

తెలుగులో 'రాయబడింది, చేయబడింది' అని చెప్తే నవ్వుతున్నారు, అలా ఎవరు మాట్లాడతారు మేడం అంటున్నారు, నిజమే కదా. అసలు క్లాసులో తెలుగు వాడాలా వద్దా అని కూడా డౌటే, మా పక్క ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు మాట్లాడితే పది రూపాయలు ఫైన్. మీరెలా మొదలుపెడతారు, ఏ ఎక్సర్‌సైజులు పని చేస్తున్నాయి, కాస్త చెప్పండి ప్లీజ్.


పాతస్కూలు_మాస్టారు:

అమ్మా, ముందు ఆ రాముడి ఉత్తరాన్ని బోర్డు మీంచి చెరిపేయండి. రాముడు ఉత్తరం రాశాడని చెప్పడానికి ఇంగ్లీషువాడు కూడా 'రామా రోట్ ఎ లెటర్' అనే అంటాడు, దాన్ని తిప్పి చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాదు. మనం వాయిస్ మార్చడం నేర్పిస్తున్నాం, వాయిస్ నేర్పించట్లేదు. రెండు వాక్యాలూ ఒకటే అని పిల్లాడికి అర్థమయ్యాక, ఒకటేగా, తేలికైంది మాట్లాడదాం అనుకుంటాడు, అందులో వాడి తప్పేముంది? 'బై' గోల కూడా అక్కడిదే. మనం ఇచ్చే ప్రతి వాక్యంలో ఒక కర్త కూర్చుని ఉంటాడు కాబట్టి తిప్పేటప్పుడు వాణ్ణి ఎక్కడో ఒకచోట పెట్టాలి, చివర బై పెట్టి పెడతాం. ఇంగ్లీష్ పేపర్ ఏదైనా తెరిచి చూడండి, ప్యాసివ్‌లో ఎక్కువ శాతం వాటికి బై ఉండదు. ఎవరు చేశారో తెలియకో, తెలిసినా చెప్పాల్సినంత విషయం కాకో, ఒక్కోసారి చెప్పడం ఇష్టం లేకో కదా అసలు ప్యాసివ్ వాడేది.

తెలుగు వాడాలా అంటే, నేనైతే వాడమంటాను, కానీ 'చేయబడింది' కాదు, 'చేశారు' వాడండి. 'కరెంటు తీసేశారు', 'నీళ్ళు వదిలారు', 'రిజల్ట్స్ ఇచ్చారు', 'రోడ్డంతా తవ్వి పడేశారు'. ఎవరు? అని అడిగి చూడండి, క్లాసంతా మీవంక వింతగా చూస్తుంది. ఎవరో, ఎవరైతే ఏంటి మేడం. అదిగో, అదే ప్యాసివ్. మన భాషలో కర్తని ఎగరగొట్టేసి, 'చేశారు'లో లాగా వెర్బ్ చివర 'ఆరు' తగిలిస్తే సరిపోతుంది. ఇంగ్లీషులో కర్త కుర్చీ ఖాళీగా ఉంచే వీల్లేదు, కాబట్టి రోడ్డునే తెచ్చి అందులో కూర్చోబెట్టాలి: 'ద రోడ్ హాజ్ బీన్ డగ్ అప్'. మీవాళ్ళు 'రోడ్ లెయిడ్' అంటున్నారంటే సగం దారి వచ్చేశారన్నమాట, రోడ్డుని ముందుకి తెచ్చారు, వెర్బ్ మార్చడం ఒక్కటే మర్చిపోయారు.

రెండోది, నాకు దీనికన్నా ముఖ్యమైనది. మనకి 'ని' ఉంది. 'కాటన్ ఆనకట్ట కట్టించాడు' అన్నా, 'ఆనకట్టని కాటన్ కట్టించాడు' అన్నా కట్టించింది కాటనే, ముందు వెనకలు మార్చినా అర్థం చెడదు. ఇంగ్లీషులో ఆ 'ని' లేదు, ముందున్నవాడే చేసినవాడు. మరి ఆనకట్ట గురించి మాట్లాడుతూ దాన్ని ముందు పెట్టాలంటే ఏం చెయ్యాలి? వెర్బ్‌ని మార్చాలి. మీరు రాజమండ్రిలోనే ఉన్నారు కాబట్టి ధవళేశ్వరమే తీసుకోండి. సగం క్లాసుకి కాటన్ దొర మీద ఐదు వాక్యాలు, సగం క్లాసుకి ఆనకట్ట మీద ఐదు వాక్యాలు రాయమనండి, ఇద్దరికీ సమాచారం ఒకటే, 1847లో పని మొదలైంది, 1852కి పూర్తయింది, అలా. కాటన్ బ్యాచ్‌కి 'హి బిగాన్, హి బిల్ట్' అని యాక్టివ్‌లో సాగిపోతుంది. ఆనకట్ట బ్యాచ్‌కి రెండో వాక్యానికే ఇబ్బంది మొదలవుతుంది, 'ఇట్' అని మొదలుపెట్టగానే 'వాజ్ బిల్ట్' అనక తప్పదు. అప్పుడు రూల్ చెప్పండి, వాళ్ళకి కావాల్సినప్పుడు చెప్పిన రూల్ నిలుస్తుంది. హేవ్‌లాక్ బ్రిడ్జి, అదే గోదావరి మీద పాత రైలు వంతెన, అది కూడా బాగుంటుంది, 1900లో తెరిచారు, 1997లో రైళ్ళు ఆపేశారు, ఎవరు తెరిచారు ఎవరు ఆపారు అని ఎవరికీ పట్టదు కాబట్టి బై అడుగుపెట్టే సందే ఉండదు.

అన్నట్టు 'బడు' పూర్తిగా చచ్చిపోలేదండోయ్. 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును', 'ఇచ్చట జిరాక్స్ తీయబడును', 'ఇచ్చట పంచర్లు వేయబడును'. బోర్డుల మీద బతికే ఉంది. ఫోన్లలో ఫోటోలు తీసుకురమ్మని హోంవర్క్ ఇవ్వండి, సరదాగా ఉంటుంది, అయితే వాటిని ఇంగ్లీషులో ఏమంటారు అని అడిగితే 'టు లెట్' అని వస్తుంది, అందులో ప్యాసివ్ రూపం కనపడదు, అక్కడ నేనేం చెయ్యలేను.


బిట్‌బ్యాంక్_బాబు:

మాస్టారు చెప్పింది వినడానికి బాగుంది సార్, కానీ అందరూ స్పోకెన్ కోసం రారు కదా. నా దగ్గరికి వచ్చేవాళ్ళకి ప్రభుత్వ ఉద్యోగాలకి పెట్టే స్టాఫ్ సెలెక్షన్ పరీక్షల్లో వాయిస్ బిట్లు వస్తాయి, టెన్త్ పిల్లలకి పేపర్లోనే ప్యాసివ్‌లోకి మార్చమని ఉంటుంది. వాళ్ళకి నేను ఆనకట్ట కథ చెప్తూ కూర్చుంటే ఫీజు వెనక్కి అడుగుతారు. టేబుల్ వేయాలి, ఈజ్ యామ్ ఆర్ ప్లస్ వీత్రీ (వెర్బ్ మూడో రూపం, రైట్ రోట్ రిటెన్‌లో చివరిది), వాజ్ వర్ ప్లస్ వీత్రీ, కంటిన్యువస్ అయితే బీయింగ్, పర్ఫెక్ట్ అయితే బీన్, నోటికి రావాలి అంతే. మీరు ఎంత మీనింగ్ చెప్పినా వీత్రీ రాకపోతే 'వాజ్ రోట్' అంటాడు, 'వాజ్ స్టోల్' అంటాడు, అప్పుడేం చేస్తారు?

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటా. 'ఓపెన్ ద డోర్' ని 'లెట్ ద డోర్ బి ఓపెన్డ్' అని మార్చమంటారు చూడండి, ఇన్నేళ్ళలో తలుపు తియ్యమని ఆ మాటతో అడిగినవాణ్ణి నేను చూడలేదు. 'బై హూమ్ వాజ్ ద విండో బ్రోకెన్' కూడా అంతే. మేడం, మీ బ్యాచ్ పరీక్షలకి కాదు కాబట్టి ఆ రెండూ, ఫ్యూచర్ కంటిన్యువస్ లాంటివీ మొత్తం వదిలేయండి. సింపుల్ ప్రెజెంట్, సింపుల్ పాస్ట్, హాజ్ బీన్, ఈజ్ బీయింగ్, విల్ బి, కెన్ బి, మస్ట్ బి. ఇవి వస్తే రోజువారీ పని గడిచిపోతుంది.


నైట్‌షిఫ్ట్_నాని:

నేను టీచర్ని కాదు మేడం, సపోర్ట్ ప్రాజెక్ట్‌లో చేస్తా, రోజంతా మెయిల్సే పని. చదువుతుంటే నవ్వొచ్చింది ఎందుకంటే మా టీమ్‌లో మన తెలుగువాళ్ళం రాసే మెయిల్స్ అన్నీ ఇవే, 'ద ఇష్యూ హాజ్ రిజాల్వ్డ్', 'టికెట్ హాజ్ క్లోజ్డ్', 'సర్వర్ ఈజ్ రీస్టార్ట్'. మొదటి రెండింట్లో బీన్ మాయం, మూడోదాంట్లో చివరి 'ఎడ్' మాయం. ఇప్పుడు మాస్టారు చెప్పాక ఆలోచిస్తే కారణం తెలుస్తోంది, మనం లోపల 'ఇష్యూ రిజాల్వ్ అయింది', 'టికెట్ క్లోజ్ అయింది' అనుకుంటాం, ఇంగ్లీష్ మాట తెచ్చుకుని 'అయింది' తగిలిస్తాం కదా, ఆ 'అయింది' తీసేసి మిగిలింది ఇంగ్లీషులో పెడితే 'ఇష్యూ రిజాల్వ్డ్' అవుతుంది. 'సెలెక్ట్ అయ్యా' కాబట్టి 'ఐ సెలెక్టెడ్'. 'అరెస్ట్ అయ్యాడు' కాబట్టి 'హి అరెస్టెడ్'. మీ స్వీట్ల అబ్బాయిది ఇదే కేసు. వినేవాడికి మాత్రం ఆ అబ్బాయే ఎవర్నో సెలెక్ట్ చేశాడేమో అనిపిస్తుంది, ఎవర్ని సెలెక్ట్ చేశావు బాబూ అని అడిగి చూడండి, వెంటనే ఎక్కుతుంది.

మాకు ప్యాసివ్ ఇంకో రకంగా కూడా పనికొస్తుంది, ఇది నేను చదివిన స్కూలు బుక్కుల్లో కనపడలేదు కానీ ఉద్యోగం చేసే ప్రతివాడికీ తెలుసు. క్లయింట్ కాల్‌లో 'రవి డిలీటెడ్ ద ఫైల్' అనం కదా, 'ద ఫైల్ వాజ్ డిలీటెడ్ బై మిస్టేక్' అంటాం. మేడం, మెడికల్ రెప్‌కి ఇది నేర్పించండి, రేపట్నుంచే వాడతాడు.


గోదావరిగట్టు:

మాస్టారూ థాంక్యూ అండి, ధవళేశ్వరం ఐడియా రేపే చేయిస్తా. నాని గారూ 'అయింది' సంగతి నాకు తట్టనే లేదు. కానీ మరి 'వాజ్ హాపెన్డ్' సంగతేంటి? అదీ 'అయింది'యే కదా, 'యాక్సిడెంట్ అయింది'. సెలెక్ట్ అయ్యాడుకి వాజ్ పెట్టమని, యాక్సిడెంట్ అయిందికి వాజ్ పెట్టొద్దని చెప్తే రేపు నా క్లాసులో కొట్లాట జరుగుతుంది.


మాటలపొద్దు:

మేడం, అక్కడ 'అయింది' చూడొద్దు, దాని స్థానంలో 'చేశారు' పెట్టి చూడమనండి. 'సెలెక్ట్ చేశారు' కుదురుతుంది, అంటే ఎవరో చేశారు, కాబట్టి 'వాజ్ సెలెక్టెడ్'. 'ట్రాన్స్‌ఫర్ చేశారు', 'రిజాల్వ్ చేశారు', 'అరెస్ట్ చేశారు', అన్నీ కుదురుతాయి. 'యాక్సిడెంట్ చేశారు' అంటే అర్థమే మారిపోయింది, పోనీ 'జరిగించారు' అంటారా, అనరు. 'చనిపోయించారు' అనరు. కాబట్టి హాపెన్, డై, అరైవ్, డిసప్పియర్, ఫాల్, అకర్, వీటికి వాజ్ తగలదు. ఈ తప్పు మనవాళ్ళకే కాదు, చైనావాళ్ళు జపాన్‌వాళ్ళు కూడా ప్యాసివ్ నేర్చుకుంటున్న దశలో అచ్చం ఇలాగే 'వాజ్ హాపెన్డ్' అంటారు. యాక్సిడెంట్ తనంతట తాను ఏదో చేసింది అనిపించదు కదా, అందుకని మనసు వాజ్ వైపు లాగుతుంది. కాబట్టి మీవాళ్ళు ఆ తప్పు చేస్తున్నారంటే ప్యాసివ్ ఎందుకు వాడతారో కొంత బుర్రకెక్కిందనే అర్థం.

ఇంకా బాగా చెప్పాలంటే మన తెలుగులో జంటలున్నాయి చూడండి, పెరిగింది పెంచారు, మారింది మార్చారు, ఆగింది ఆపారు, కాలింది కాల్చారు, పగిలింది పగలగొట్టారు. మొదటిది దానంతట అది, రెండోది ఎవరో చేసింది. ఇంగ్లీషుకి చాలాసార్లు రెండింటికీ ఒకటే వెర్బ్, అక్కడే మనవాళ్ళు జారిపోతారు. 'కూరగాయల రేట్లు పెరిగాయి' అయితే 'ప్రైసెస్ ఇంక్రీజ్డ్', వాజ్ వర్ ఏమీ లేదు. 'బస్సు ఛార్జీలు పెంచారు' అయితే 'ఫేర్స్ వర్ ఇంక్రీజ్డ్'. 'గ్లాసు పగిలింది', 'ద గ్లాస్ బ్రోక్'. 'అద్దాలు పగలగొట్టారు', 'ద విండోస్ వర్ బ్రోకెన్'. 'బస్సు ఆగింది', 'ద బస్ స్టాప్డ్'. 'బస్సుని ఆపారు', 'ద బస్ వాజ్ స్టాప్డ్', చెక్‌పోస్ట్ దగ్గర అన్నమాట. ఒక పక్క తెలుగు ఇచ్చి, ఆరు ఉందా లేదా చూసుకుని ఇంగ్లీష్ చెప్పమనండి. ఫైన్ వేసే ఇన్‌స్టిట్యూట్ వాళ్ళకి ఈ దారి దొరకదు పాపం.

ఈ 'ఆరు' కిటుకు ప్రతిచోటా పనిచేస్తుందని మాత్రం చెప్పొద్దు. 'వాళ్ళు వచ్చారు'లో కూడా ఆరే ఉంది. కర్త కనపడకుండా, చేసిన పని వేరే వస్తువు మీద పడితేనే. ఇంకా హావ్, కాస్ట్, సూట్, రిజెంబుల్ లాంటివి ఉన్నాయి, మామూలు అర్థంలో వాటికి ప్యాసివే లేదు, అవి ఎదురైనప్పుడు చెప్పుకోవచ్చు, ముందే లిస్టు ఇవ్వక్కర్లేదు.


ఐఎల్ట్స్_అక్క:

నేను స్టూడెంట్ వీసా పిల్లలకి చెప్తా. విదేశాల్లో చదువు కోసం రాసే ఐఎల్ట్స్ ఇంగ్లీష్ పరీక్షలో, అకడమిక్ రైటింగ్‌లో మొదటి టాస్క్‌కి ఒక్కోసారి ప్రాసెస్ డయాగ్రమ్ ఇస్తారు, ఇటుకలు ఎలా చేస్తారు, పేపర్ ఎలా రీసైకిల్ చేస్తారు, అలాంటివి, దాదాపు ఇరవై నిమిషాల్లో కనీసం 150 మాటలు రాయాలి. దానికి ప్యాసివ్ లేకపోతే పనే జరగదు, కానీ నేరుగా ఆ డయాగ్రమ్స్ ఇస్తే పిల్లలు వొకాబులరీ దగ్గరే చతికిలపడతారు, కిల్న్ అంటే ఏంటి, కన్వేయర్ అంటే ఏంటి అని. అందుకని నేను ముందు వాళ్ళు కళ్ళారా చూసినదే ఇస్తా. మా దగ్గర బాగా కుదిరింది ఆత్రేయపురం పూతరేకులు, 2023లో జీఐ ట్యాగ్, అంటే ఆ ఊరి ప్రత్యేకత అన్న గుర్తింపు, కూడా వచ్చింది కదా, పిల్లలకి హుషారు. వీడియో సౌండ్ తీసేసి పెడతా. బియ్యం నానబెడతారు, రుబ్బుతారు, పల్చగా కలుపుతారు, బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట పెడతారు, పల్చటి గుడ్డని పిండిలో ముంచి కుండ మీద ఒక్కసారి లాగుతారు, క్షణంలో రేకు వచ్చేస్తుంది, తీస్తారు, నెయ్యి రాస్తారు, పంచదార పొడో బెల్లమో చల్లుతారు, మడుస్తారు.

చూశారుగా, అన్నీ ఆరులే, మాస్టారు చెప్పిందే. ఇప్పుడు ఇంగ్లీషులో: 'ద రైస్ ఈజ్ సోక్డ్ అండ్ గ్రౌండ్. ఎ క్లాత్ ఈజ్ డిప్డ్ ఇన్ ద బ్యాటర్ అండ్ పుల్డ్ ఎక్రాస్ ద హాట్ పాట్. ద షీట్ ఈజ్ పీల్డ్ ఆఫ్.' మొదటిసారి అందరూ 'దే సోక్, దే గ్రైండ్, దే డిప్' అనే రాస్తారు, రాయనిస్తా, తర్వాత గట్టిగా చదవమంటా. ఐదో 'దే' దగ్గరికి వచ్చేసరికి వాళ్ళకే విసుగొస్తుంది, ఎవరు మేడం ఈ దే అని ఒకమ్మాయి అడిగింది. అక్కడ మొదలుపెడతా ప్యాసివ్. వీత్రీలు కూడా బాబుగారు అన్నట్టు టేబుల్‌గా కాకుండా ఈ పూతరేకుల్లోంచే వస్తాయి, గ్రౌండ్ అన్నది గ్రైండ్‌కి వీత్రీ అని అందరూ ఆశ్చర్యపోతారు, గ్రౌండ్ అంటే నేల కదా అని. పలకడం కూడా అప్పుడే చూసుకోండి, మనవాళ్ళు 'సోకెడ్', 'డిప్పెడ్' అని ఎడ్ లాగుతారు, అది 'సోక్ట్', 'డిప్ట్' అని పొట్టిగా ఆగాలి.

నెక్స్ట్ క్లాసులో నీటి చక్రం ఇస్తా, ఇది కావాలని పెట్టేది. పూతరేకుల ఊపులో 'వాటర్ ఈజ్ ఇవాపరేటెడ్, క్లౌడ్స్ ఆర్ ఫార్మ్‌డ్, రెయిన్ ఈజ్ ఫాలెన్' అని రాసుకొస్తారు. 'క్లౌడ్స్ ఆర్ ఫార్మ్‌డ్' ఇంగ్లీషులో చెల్లుతుంది, దాన్ని వదిలేస్తా. మిగతావి అడుగుతా, వాన ఎవరైనా కురిపించారా, నీళ్ళు ఎవరైనా ఆవిరి చేశారా? దానంతట అదే. 'వాటర్ ఇవాపరేట్స్, రెయిన్ ఫాల్స్.' మాటలపొద్దు గారి జంటలు ఇక్కడ అతికినట్టు సరిపోతాయి, నేను కాపీ కొడుతున్నా.


బిట్‌బ్యాంక్_బాబు:

అక్కా, టేబుల్ లేకుండా పూతరేకుల్లోంచి ఎన్ని వీత్రీలు వస్తాయి? టేక్ టేకెన్, స్టీల్ స్టోలెన్, అవి ఏ స్వీట్లోంచి తీస్తావు?


ఐఎల్ట్స్_అక్క:

అవి పేపర్ హెడ్డింగుల్లోంచి బాబూ. 'బైక్స్ స్టోలెన్', 'ఫోర్ హెల్డ్', 'టూ కిల్డ్ ఇన్ రోడ్ యాక్సిడెంట్'. అక్కడ ఆర్, వర్ ఎగరగొట్టేస్తారు కాబట్టి పిల్లలు 'టూ కిల్డ్' అంటే ఇద్దరు కలిసి ఎవర్నో చంపారనుకుంటారు. వర్ తెచ్చి పెట్టి పూర్తి వాక్యం చెయ్యమంటా, రోజూ క్లాసు మొదట్లో కాసేపు. నీ టేబుల్ నాకూ ఉందిలే, గోడకి అంటించి పెట్టా, చూసి రాసుకోండి అంటా, బట్టీ మాత్రం పట్టించను.


గోదావరిగట్టు:

అందరికీ చాలా థాంక్స్ అండి. చివరగా ఒక్కటి, తిట్టుకోకండి. ఈరోజు ఒకావిడ 'ఐ స్టిచ్డ్ టూ బ్లౌజెస్ ఫర్ ద మ్యారేజ్' అంది, మీకు కుట్టడం వచ్చా అంటే రాదు టైలర్‌కి ఇచ్చాను అంది. ఇది కూడా ప్యాసివ్‌తో పాటే చెప్పెయ్యనా, లేక ఇప్పుడే కలిపితే గందరగోళం అవుతుందా?


పాతస్కూలు_మాస్టారు:

ఇప్పుడే వద్దమ్మా, ఆనకట్ట బ్రిడ్జి ముగిశాక చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం కష్టపడక్కర్లేదు, మన 'కుట్టించుకున్నాను, కట్ చేయించుకున్నాను, రిపేర్ చేయించాను' ఉన్నాయి కదా, వేరేవాళ్ళ చేత చేయించామనే అర్థంలో ఆ 'ఇంచు' కనపడిన చోట 'గాట్' పెట్టించండి. 'ఐ గాట్ టూ బ్లౌజెస్ స్టిచ్డ్', 'ఐ గాట్ మై హెయిర్ కట్', 'వి గాట్ ద ఫ్రిజ్ రిపేర్డ్'. వస్తువు మధ్యలోకి రావాలి, అదొక్కటే పట్టుబట్టండి, ఎందుకంటే 'ఐ గాట్ స్టిచ్డ్ టూ బ్లౌజెస్' అంటారు గ్యారంటీగా. అక్కడ కూడా టైలర్ ఎవరో చెప్పక్కర్లేదు, ఆవిడ 'బై మై టైలర్' అని మొదలుపెడితే ఆపండి.